పాత మారుతీ 800: స్లోలో వణుకుడు, ఘాట్‌లో నీరసం

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా మన ఊళ్లలో ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. నేను చెప్పేది వాటిలో పాత కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి పంపే భాగం) బండ్ల గురించి. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను, కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. చెవి, ముక్కు, ఒక ప్లగ్ స్పానరు ఉంటే రోగం చాలావరకు ఇంట్లోనే తెలిసిపోతుంది.

"స్లోలో నిలబడట్లేదు" అని షెడ్డుకి తీసుకెళితే ఎక్కువచోట్ల ముందు జరిగేది కార్బొరేటర్ స్క్రూ తిప్పి రేసు (ఇంజను వేగం) పెంచడం. స్లో అంటే ఎక్సలేటర్ మీద కాలు పెట్టకుండా ఇంజను ఆడే వేగం. వణుకు తగ్గినట్టు అనిపిస్తుంది, డబ్బులిచ్చి వచ్చేస్తాం. రోగం లోపలే ఉంటుంది, పెట్రోలు ఖర్చు మాత్రం పెరుగుతుంది. నన్నడిగితే కార్బొరేటర్ మీద చెయ్యి పడాల్సింది చివర్లో. ముందు కరెంటు, తర్వాత గాలి, ఆ తర్వాతే పెట్రోలు.

ఇంకో మాట. మూడు సిలిండర్ల ఇంజను కొత్తదైనా కాస్త ఊగుతుంది, అది దాని పుట్టుక. సైలెన్సర్ వెనక అరచెయ్యి పెట్టి చూడండి. పొగ ఒకే లయలో కొడుతూ స్టీరింగు మాత్రం వణుకుతుంటే ఇంజను మౌంటింగ్ రబ్బర్లు అణిగిపోయి ఉంటాయి, వాటిని మార్చితే చాలు. మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పిపోతుంటే అది మిస్సింగ్.

లక్షణం: స్లోలో మిస్సింగ్, ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులు

మూడింటిలో ఒకటి ఆడటం లేదు. అదేదో పట్టుకోవాలి. ఇంజను ఆపి, ఒక ప్లగ్ వైరు పీకి, దాని కొసకి పాత ప్లగ్ ఒకటి తగిలించి ఇంజను బాడీకి ఆనించండి. ఇప్పుడు స్టార్ట్ చేసి వినండి. ఆడే సిలిండర్ వైరు పీకితే ఇంజను ఇంకా కుంటుతుంది. పీకినా ఏ తేడా లేదంటే దొంగ దొరికినట్టే. ఇంజను నడుస్తుండగా ఉత్త చేత్తో వైరు పీకకండి, షాకు గట్టిగానే కొడుతుంది.

ఆ సిలిండర్ ప్లగ్‌ని పక్కదానితో మార్చండి. మిస్సింగ్ కూడా పక్కకి వెళితే తప్పు ప్లగ్‌ది. వెళ్లకపోతే వైర్లు మార్చి చూడండి. ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. ఉండాలి. దాని మూతి బిస్కెట్ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువవుతోంది, తెల్లగా కాలిందంటే పెట్రోలు చాలడం లేదు, జిడ్డుగా తడిసిందంటే ఇంజనాయిలు పైకొస్తోంది.

మా బండి ఒక జూన్‌లో, తొలకరి పడ్డ మర్నాటి నుంచి కుంటడం మొదలెట్టింది. ఒక మెకానిక్ కార్బొరేటర్ కిట్ మార్చాడు, ఇంకొకాయన టాపెట్లు సరిచేశాడు. మధ్యాహ్నమయ్యేసరికి బాగుపడేది, పొద్దున్నే మళ్లీ మామూలే. ఓ రాత్రి కరెంటు పోయినప్పుడు బానెట్ ఎత్తి స్టార్ట్ చేయించాను. చీకట్లో డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకి వరసగా కరెంటు పంచేది) కప్పు మీద నీలం గీత ఒకటి మిణుకు మిణుకుమంటూ పాకుతోంది. తీసి చూస్తే లోపల పెన్సిలు గీసినట్టు సన్నటి నల్ల పగులు, దాంట్లో చెమ్మ. కప్పు, దాని లోపల తిరిగే రోటారు మార్చాక ఆ గొడవ వదిలింది. పొద్దున కుంటి ఎండెక్కాక బాగుపడే బండికి ముందు ఈ చీకటి పరీక్షే చెయ్యండి. కప్పు తీసినప్పుడు వైర్ల వరస గుర్తుపెట్టుకోండి. ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు పేలే వరస, 1-3-2.

మీ దాంట్లో పాయింట్ (డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటుని తెంపి కలిపే స్విచ్చు) ఉంటే గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ. పాయింట్ ముఖాలు మాడి గుంతలు పడ్డాయంటే కండెన్సరు కూడా మార్చేయండి. గ్యాప్ ఎన్నిసార్లు పెట్టినా నిలవకపోతే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ని పక్కకి ఊపి చూడండి. ఊగితే బుష్ అరిగింది.

లక్షణం: రేసు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉండటం, కాలు తీసినా దిగకపోవడం

ఎక్కడో దొంగగాలి లాగుతోంది, అంటే కార్బొరేటర్ దారిన కాకుండా చిల్లుల్లోంచి గాలి లోపలికి పోతోంది. కార్బొరేటర్ కింది గాస్కెట్, మానిఫోల్డ్ అంచులు, సన్న రబ్బరు పైపుల చివర్లు చూడండి. స్ప్రే సీసాతో ఒక్కోచోట కొంచెం నీళ్లు కొట్టండి, డిస్ట్రిబ్యూటర్ వైపు పడనివ్వకండి. శబ్దం మారినచోటే చిల్లు. పెట్రోలుతో ఈ పరీక్ష చేసేవాళ్లను చూశాను. వేడి ఇంజను మీద అది ప్రాణాలతో చెలగాటం.

లక్షణం: పరుగులో బాగుంటుంది, కాలు తియ్యగానే ఆగిపోతుంది

కార్బొరేటర్‌కి ఒక వైరు వెళ్తుంది, ఇంజను ఆపినప్పుడు స్లో పెట్రోలుని ఆపే సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు)ది అది. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో పెట్టి ఆ వైరు పీకి మళ్లీ తగిలించండి. 'టిక్' మనాలి. అనకపోతే ముందు ఫ్యూజు, వైరు చూసి, అవి బాగుంటే సోలెనాయిడ్ మార్చండి. టిక్ మంటోందంటే స్లో జెట్‌లో (స్లోకి పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) చెత్త ఉంది. గాలి కొట్టి శుభ్రం చెయ్యాలి తప్ప పిన్నీసు దూర్చకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు.

ఇవన్నీ సరైనాకే ట్యూనింగ్. ఇంజను బాగా వేడెక్కాక స్లోని 850, 900 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) మధ్య పెట్టాలి. డాష్‌బోర్డులో ఆ చుట్లు చూపే టాకోమీటర్ ఉండదు గనక షెడ్డులో మీటరు పెట్టించి చేయించడం మేలు.

లక్షణం: స్లో బాగుంది, ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కమంటే మొరాయిస్తుంది

ఇంజను జోలికి వెళ్లేముందు రెండు చూడండి. కొంతదూరం నడిపి ఆపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి. ఒకటే కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. తర్వాత క్లచ్: ఖాళీ చోట హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, నాలుగో గేరులో క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా ఆడుతూనే ఉంటే ప్లేటు అయిపోయింది.

ఆ రెండూ బాగుంటే ఎయిర్ ఫిల్టరు, తర్వాత టైమింగ్, అంటే ప్లగ్ స్పార్క్ వేసే వేళ. ఆ వేళని ముందుకు జరిపే, డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న గుండ్రటి డబ్బాకి వెళ్లే సన్న పైపుని కార్బొరేటర్ వైపు పీకి నోటితో పీల్చి నాలుక అడ్డం పెట్టండి. నాలుకని పట్టుకుని ఉండాలి. గాలి వచ్చేస్తుంటే లోపలి డయాఫ్రం (రబ్బరు పొర) చిరిగింది, పికప్ చచ్చిపోవడానికి అదొక్కటి చాలు.

పెట్రోలు వైపు వస్తే, ఈ బండిలో పంపు మెకానికల్, దానికీ రబ్బరు డయాఫ్రమే. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరుకి అది పడదు. పైపులు మెత్తబడి ఉబ్బినా, పగిలినా మార్చేయండి. ఇంజను చల్లారాక కార్బొరేటర్‌కి వెళ్లే పైపుని సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి, ధార దూకుతూ రావాలి. బొట్లుబొట్లుగా వస్తే ఫిల్టరు, ఆ తర్వాత పంపు. ట్యాంకు మూత తీసినప్పుడు 'సుస్' మని గాలి లోపలికి లాగిందా? ట్యాంకుకి ఊపిరి దారి మూసుకుపోయింది. మూత వదులు చేసి నడిపితే బాగుంటోందంటే ఖాయం.

మే నెలలో రెంటచింతల ఎండకి వేడెక్కి ఆగి, అరగంట తర్వాత స్టార్టయ్యే బండిలో రెండు అనుమానాలు. ఆగిన ఆ నిమిషంలోనే స్పార్క్ చూడండి. స్పార్క్ లేదంటే ఎక్కువగా ప్లగ్‌లకి హై వోల్టేజి ఇచ్చే కాయిలే. ఉంటే పెట్రోలు పైపులోనే ఆవిరవుతోంది, పంపు మీద తడిగుడ్డ వేస్తే తేరుకుంటుంది. పైపుని వేడికి దూరంగా మళ్లించండి.

ఇంతచేసినా లాగకపోతే కంప్రెషన్ (సిలిండర్లో పుట్టే ఒత్తిడి) మీటరు పెట్టించి చూడండి. సిలిండర్ల మధ్య తేడా 1 కేజీకి మించకూడదు. తగ్గినదాంట్లో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూస్తే, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క రెండూ తగ్గి రేడియేటర్లో బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్. మూడూ ఒకేలా తగ్గాయంటే ఇంజను విప్పించే ముందు టైమింగ్ బెల్టు పన్ను దాటిందేమో మార్కులు కలిపి చూడమనండి.