గెంతుతూ కూడిక – మూడో పాఠం: ‘ఐదు మనసులో’

చింతపిక్కలు కుప్పగా పోసి ఎన్నో చెప్పమంటే మీ పిల్లలు ఒక్కోదాన్నీ పక్కకు జరుపుతూ పది వరకు తడబడకుండా లెక్కపెడుతున్నారా? అయితే ఈ పాఠం మొదలుపెట్టండి. ఒకే పిక్కను రెండుసార్లు లెక్కపెట్టడం, మధ్యలో ఒకటి వదిలేయడం ఇంకా జరుగుతుంటే రెండో పాఠంలోనే మరో వారం ఉండండి. అక్కడ తొందరపడితే ఇక్కడ ఇబ్బంది పడతాం.

మనందరం చిన్నప్పుడు బడిలో విన్న మాట ఒకటుంది. “ఐదు మనసులో పెట్టుకో, మూడు వేళ్ళు తెరువు. ఐదు తర్వాత?” ఆరు, ఏడు, ఎనిమిది. మనకిది మంచినీళ్ళు తాగినంత తేలిక. ఐదేళ్ళ పాపకు మాత్రం మనసులో పెట్టుకున్న ఐదు కనబడదు. కనబడని ఐదును నమ్మలేక, ఒక చేతి వేళ్ళు ఐదూ తెరిచి, రెండో చేతివి మూడు తెరిచి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. అది తప్పు కాదు, కూడికలో మొదటి మెట్టు. ‘ఆ ఐదూ అక్కడే ఉన్నాయి, మళ్ళీ లెక్కపెట్టక్కర్లేదు’ అన్న నమ్మకం కుదిరితే రెండో మెట్టు ఎక్కినట్టు. ఆ నమ్మకం కలిగించడమే ఈ వారం మన పని.

తలుపు చాటు ఆట

ఆరుగురు పిల్లలుంటే ఈ ఆట బాగుంటుంది. ముగ్గురిని లెక్కపెట్టి తలుపు వెనక్కి పంపండి. లేదా ఒక పాత చీర అడ్డం కట్టండి. “లోపల ఎంతమంది?” అని అడగండి. “ముగ్గురు.” ఇప్పుడు మరో ఇద్దరు వాకిలి చివర నుంచి ఒకరి తర్వాత ఒకరు పరుగెత్తుకొచ్చి లోపలికి దూరాలి. ఒక్కొక్కరు దూరినప్పుడల్లా బయట ఉన్న పాప గట్టిగా చెప్పాలి: “నలుగురు! ఐదుగురు!”

లోపలివాళ్ళు కనబడరు కాబట్టి ఒకటి నుంచి లెక్కపెట్టడానికి వీలుండదు. మొదట్లో పాప తలుపు సందులోంచి తొంగిచూస్తుంది. చూడనివ్వండి. నాలుగైదుసార్లు చూసి, ప్రతిసారీ ముగ్గురూ అక్కడే ఉన్నారని తెలిశాక చూడటం తనంతట తానే మానేస్తుంది. ఆ క్షణం కోసమే ఈ ఆట. ఇంట్లో ఒక్కరే ఉంటే స్టీలు గ్లాసులో ఐదు పిక్కలు లెక్కపెట్టి వేసి, పైన అరచెయ్యి అడ్డం పెట్టి, గది ఆ మూల నుంచి ఒక్కో పిక్కా పరుగున తెచ్చి వేయించండి. గ్లాసులో టక్‌మన్నప్పుడల్లా ఒక అంకె.

గెంతుల దారి

ముగ్గుపిండితోనో సుద్దముక్కతోనో వరుసగా 11 గడులు గీయండి. తొక్కుడుబిళ్ళ గీతల్లా జంట గడులు వద్దు, ఒకే వరుస చాలు. ఒక్కో గడి సుమారు అడుగు పొడవు. మొదటి గడిలో 0 వేయండి, దాన్ని ‘ఇల్లు’ అనండి. తర్వాత 1 నుంచి 10. అపార్టుమెంట్లో ఉండేవాళ్ళు నేల మీద టేపు అంటించుకోవచ్చు. కింది ఇంటివాళ్ళకు చప్పుడనుకుంటే గెంతుకు బదులు అడుగు వేయించండి, పాఠానికి ఏ లోటూ రాదు. గెంతలేని పిల్లలుంటే చేత్తో బిళ్ళను గడి గడికీ జరపమనండి. నేల తడిగా ఉంటే మాత్రం ఆ రోజు ఆట వద్దు.

పాప ఇంటి నుంచి ఐదు గెంతులు గెంతి 5లో ఆగుతుంది. “ఇప్పుడు ఇంకో మూడు.” మూడు గెంతులు. “ఎక్కడున్నావు?” ఎనిమిదిలో. ఇంతే ఆట. అయితే చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే.

నా దగ్గర ఒకటో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. 5కు 3 కలిపితే 7 అనేవాడు. 4కు 2 కలిపితే 5. 6కు 3 కలిపితే 8. ధ్యాస లేదనుకుని రెండు వారాలు అవే లెక్కలు మళ్ళీ మళ్ళీ రాయించాను. అప్పుడు నేను చూడవలసింది ఒకటే, ప్రతిసారీ జవాబు సరిగ్గా ఒకటి తగ్గుతోంది. ధ్యాస లేని పిల్లవాడి తప్పులు అంత పద్ధతిగా ఉండవు. వరండాలో గడుల్లో నిలబెట్టిన రోజు సంగతి తెలిసింది. వాడు 5లో నిలబడే కాలు నొక్కి “ఒకటి” అన్నాడు. 6లోకి గెంతి “రెండు”, 7లోకి గెంతి “మూడు”. వాడు గడులు లెక్కపెడుతున్నాడు, నేను గెంతులు అడుగుతున్నాను. వేళ్ళ మీదా అంతే, మొదటి వేలు తెరుస్తూనే “ఐదు” అనేవాడు. నోటుపుస్తకంలో ఇది ఎప్పటికీ కనబడేది కాదు.

దీనికి మందు ఒక చిన్న నియమం: కాలు గాల్లోకి లేవకుండా నోట్లోంచి అంకె రాకూడదు. 5లో నిలబడి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఒక్క క్షణం మౌనంగా ఉండాలి. ‘ఐదు మనసులో’ అంటే ఆ మౌనమే. తర్వాత గెంతి, కాళ్ళు నేలకు ఆనాక “ఒకటి”. కొంచెం పెద్ద పిల్లలకైతే బస్సు సంగతి చెప్పండి. మూడు స్టాపుల తర్వాత దిగాలంటే మనం ఎక్కిన స్టాపును లెక్కలో వేసుకోం కదా.

వేలితో చూపిస్తూ లెక్కపెట్టేటప్పుడు నోరు ముందు, వేలు వెనక పరుగెడతాయి. గెంతులో అది కుదరదు. ఒళ్ళు మొత్తం లేచి దిగాలి కాబట్టి అంకె తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. కూడిక మొదట కాళ్ళకు రావాలని నేను పట్టుబట్టేది అందుకే.

నాలుగు గవ్వలు

రెండు మూడు రోజులయ్యాక ఎన్ని గెంతులో మీరు చెప్పడం మానేసి గవ్వల చేత చెప్పించండి. అష్టాచెమ్మా గవ్వలు నాలుగు చాలు. పాప 0 నుంచి 6 వరకు తనకు నచ్చిన గడిలో నిలబడి గవ్వలు వేస్తుంది. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గెంతులు. నాలుగూ బోర్లాపడితే అష్టాచెమ్మాలో ఎనిమిది, ఇక్కడ మాత్రం సున్నా. కదలకుండా ఉన్నచోటే నిలబడాలి. సున్నా కలిపితే ఏమీ మారదని చెప్పక్కర్లేదు, నిలబడిన కాళ్ళకే తెలుస్తుంది. గెంతే ముందు “ఎక్కడికి చేరతావు?” అని అడగడం మరిచిపోకండి. ముందు చెప్పి, తర్వాత గెంతి సరిచూసుకోవడం అలవాటైతే గడుల అవసరం దానంతటదే తగ్గుతుంది.

ఇక నాకు చాలా ఇష్టమైన ఘట్టం. “2లో నిలబడు. 7 గెంతులు గెంతు.” ఆయాసం వస్తుంది. మళ్ళీ “1లో నిలబడు. 8 గెంతులు.” ఇంకా ఆయాసం. మూడోసారి, “ఈసారి 3, 6. ఎక్కడ నిలబడతావో నీ ఇష్టం” అని వదిలేయండి. ఏదో ఒక రోజు పాప 6లో నిలబడి మూడే గెంతులు గెంతి మీ వంక చూసి నవ్వుతుంది. పెద్ద సంఖ్య మనసులో, చిన్న సంఖ్య వేళ్ళ మీద అని మనం నోటితో నేర్పేది తను అలసటతో కనిపెట్టింది. మీరు ముందే చెప్పేసి ఆ సంతోషం లాక్కోకండి.

5 + 3 = 8 అని రాయడం ఎప్పుడు? గెంతి, నోటితో “ఐదుకు మూడు కలిపితే ఎనిమిది” అని చెప్పాక, అదే నేల మీద సుద్దతో. వారం చివరి రెండు రోజులు చాలు. రోజుకు పావుగంట మించొద్దు. ఇంకా ఆడాలని ఉండగానే ఆపితే రేపు వాళ్ళే సుద్దముక్క పట్టుకుని వస్తారు.

నాలుగో పాఠానికి ఈ వరుస పక్కనే మరో 10 గడులకు చోటు చూసి పెట్టుకోండి. 8లో నిలబడి 5 గెంతులు గెంతితే పది దాటుతాం. అక్కడ మన తెలుగు మాటలే సాయం చేస్తాయి. పదమూడులో పది ముందు, మూడు తర్వాత వినిపిస్తాయి. ఇంగ్లిష్ థర్టీన్‌లో మూడు ముందొస్తుంది. అందుకని ఇంగ్లిష్ మీడియం పిల్లలైనా సరే, ఈలోగా పదకొండు నుంచి ఇరవై వరకు తెలుగులో చెప్పిస్తూ ఉండండి.