చామంతికి చీకటి కావాలి
కార్తీకం వచ్చినా చామంతి మొగ్గ వేయలేదంటే ఎరువు మార్చకండి. రాత్రిపూట ఆ కుండీ మీద లైటు పడుతోందేమో చూడండి. పొద్దు తగ్గి, రాత్రులు పెరిగితేనే చామంతి పూస్తుంది.

విజయనగరంలో మా గేటు పక్క కుండీ వీధిలైటు కింద ఉత్త ఆకులతోనే ఉండిపోయింది. దాని పిలకే, పెరట్లో చీకట్లో పెట్టింది, కొమ్మ కొమ్మకీ బఠాణీ గింజంత మొగ్గలు తొడిగింది. గేటు దగ్గరిదాన్నీ పెరట్లోకి మార్చాను, నెల తిరిగేసరికి మొగ్గకొచ్చింది.

మొగ్గలు కనిపించాక చివళ్లు తుంచొద్దు. ఇక మన వైపు ఈ రోజుల్లో తుఫాను టెన్షన్ ఎలాగూ ఉంటుంది కదా, వాన పట్టగానే కుండీని చూరు కిందకి జరపండి. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే చామంతి కుళ్లిపోతుంది. బంతికైతే వెలుతురు విషయంలో ఇంత పట్టింపు లేదు.