కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తుంటే

రెండు నెలల కుక్కపిల్లను మొదటి రాత్రే వరండాలో ఒంటరిగా కట్టేస్తే ఏడవక ఏం చేస్తుంది? నిన్నటిదాకా తల్లిని ఆనుకుని పడుకున్నది కదా. ఓ అట్టపెట్టెలో పాత దుప్పటి పరిచి మీ మంచం పక్కనే, చెయ్యి చాచితే అందేలా పెట్టండి. తెచ్చుకునేటప్పుడే తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చి అందులో వేస్తే ఆ వాసనకు త్వరగా కుదురుకుంటుంది.

రాత్రి తిండి ఏడింటికల్లా పెట్టేయండి. నీళ్లు మాత్రం ఎండాకాలంలో అస్సలు ఆపొద్దు. పడుకునే ముందు ఓ పావుగంట ఆడించి, ఒంటికి పోయించి తెచ్చి పడుకోబెట్టండి.

ఈ వయసులో మూడు గంటలకు మించి ఆపుకోలేదు. అందుకే పదకొండుకు పడుకుంటే రెండింటికి అలారం పెట్టుకుని, అది ఏడవకముందే మీరే బయటికి తీసుకెళ్లండి. లైటు వెయ్యకుండా, మాట్లాడకుండా పని కానిచ్చి తిరిగి పెట్టెలో పెట్టేయాలి. చాలామంది ఇక్కడే ముద్దుచేసి చెడగొడతారు. అర్ధరాత్రి ఆట ఉంటుందని తెలిస్తే అది రోజూ అదే వేళకు లేపుతుంది.

కాసేపు కూయి కూయిమంటే పెట్టెలోకి చెయ్యి పెట్టి ఉంచండి, ఎత్తుకోవద్దు. వాంతులో విరేచనాలో ఉండి ఏడుస్తుంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా పశువైద్యుడికి చూపించాలి. నిద్ర కుదిరాక పెట్టెను రోజుకు కాస్త తలుపువైపు జరుపుకుంటూ పోవచ్చు.