చదివినదీ చూసినదీ రాసుకోవడం ఎలా?

డిగ్రీలో తెలుగు సాహిత్యం చదువుతున్నాను. పుస్తకాలకూ, నాటకాలకూ, గోడబొమ్మలకూ కలిపి ఒకటే నోటుపుస్తకం పెట్టుకున్నాను. మీరూ అలాగే చేయండి. ఒక చోట ఉంటేనే ఒకదాని మీది ఆలోచన ఇంకొకదానికి పనికొస్తుంది.

కథాసారాంశం రాయకండి, అది ఎక్కడైనా దొరుకుతుంది. మిమ్మల్ని ఆపిన వాక్యాన్ని పేజీ సంఖ్యతో సహా రాసుకుని, ఎందుకు ఆగారో కింద రాయండి. ‘బాగుంది’ అనే మాటను నా పుస్తకంలోకి రానివ్వను.

నాటకానికి ఎక్కువ శ్రద్ధ కావాలి. ‘కన్యాశుల్కం’ తీసుకోండి. 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించారు. ఇప్పుడు మనం చదివేది మాత్రం గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి ప్రతి. అది చాలా పెద్దది కనుక నాటక బృందాలు కుదించుకుంటాయి. అందుకే ముందు చదివి వెళ్లండి. ఏ రంగాలు తీసేశారో, మధురవాణి ఎదుటివారి మాట వింటున్నప్పుడు నటి ముఖం ఎలా ఉందో గమనించండి. హాలంతా ఎక్కడ నవ్విందో, మీకు ఎక్కడ నవ్వు రాలేదో ఆ రాత్రే రాయండి. గిరీశం బుచ్చమ్మను మాటలతో మాయచేసే చోట నాకు కోపమే వస్తుంది. నా వ్యాసాన్ని ఆ కోపంతోనే మొదలుపెట్టాను.

గోడబొమ్మల కోసం హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు దగ్గరి మక్తాకు పగటిపూట వెళ్లండి. అక్కడివి మనుషులు నివసించే ఇళ్ల గోడలు. తలుపులు, ఆరేసిన బట్టలు, కరెంటు తీగలు బొమ్మతో ఎలా కలిశాయో చూడండి. ఆ ఇంటివారికి అది నచ్చిందో లేదో అడిగి, తేదీ వేసి రాసుకోండి. అడగకుండా వారి ఫొటోలు తీయవద్దు.