సెకండ్ హ్యాండ్ కారుకి రీకాల్ ఉందో లేదో ఇలా తేలింది

మా కారు మోడల్‌కి ఎయిర్‌బ్యాగ్ రీకాల్ (లోపం ఉందని కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేయడం) వచ్చిందని విన్నప్పటి నుంచి టెన్షన్. సెకండ్ హ్యాండ్ బండి కదా, కంపెనీ కబురు పంపినా మొదటి ఓనర్‌కే వెళ్లొచ్చు. మెకానిక్‌ని అడిగాను, షోరూమ్‌కి ఫోన్ చేశాను, బండి నంబరుతో వెతికాను. ఏదీ తేల్చలేదు.

తేల్చింది చాసిస్ నంబరు. అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిపి 17 ఉంటాయి. ఆర్సీ కార్డు మీద అది అరిగిపోయింది, ఒకచోట సున్నానో ‘ఓ’నో తెలియలేదు. ఈ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరు. అంటే అది సున్నానే. అయినా ఇన్సూరెన్స్ పాలసీ కాగితంతో, బాడీ మీద చెక్కిన నంబరుతో ఒక్కో అంకె సరిచూశాను. తర్వాత కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ పేజీ తెరిచి, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాను. మా బండి జాబితాలో ఉందని వెంటనే వచ్చింది. ఆ స్క్రీన్‌షాట్ చూపిస్తే సర్వీస్ సెంటర్‌లో మారు మాట్లాడకుండా పార్ట్ ఉచితంగా మార్చారు. జాబ్ కార్డులో, అంటే సర్వీస్ సెంటర్‌ వాళ్లు చేసిన పని రాసే కాగితంలో, ‘రీకాల్ పని’ అని తప్పకుండా రాయించుకోండి, రేపు బండి అమ్మేటప్పుడు పనికొస్తుంది.

అన్ని కంపెనీల దగ్గరా ఇలాగే ఉంటుందని చెప్పలేను. కొందరు ఒక్కో రీకాల్‌కి వేరే పేజీ పెడతారు, కాబట్టి ఒకదాంట్లో ‘లేదు’ అని వచ్చినా మిగతావి కూడా చూడండి.