మ్యాన్‌హోల్ రెస్క్యూ: మీటర్ చేతిలో ఉంటే చాలదు

జూన్ వానలు దగ్గరపడ్డాయి. టీములు ముందే చూసుకోవాల్సినవి:

• లోపల మనిషి పడిపోయి కనిపిస్తున్నా సరే, గ్యాస్ మీటర్‌తో రీడింగ్ తీయకుండా, గాలి సిలిండర్ సెట్ లేకుండా దిగొద్దు. ఒకరి కోసం దిగి ఇద్దరు, ముగ్గురు పోయేది ఇక్కడే.

• వాసన లేదని ధీమా వద్దు. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 100) దగ్గర ముక్కునే మొద్దుబారుస్తుంది. అలారం 10కే మోగేలా ఉండాలి.

• జెట్టింగ్ లారీ (నీటి జెట్‌తో మురుగు లైన్ శుభ్రం చేసే బండి) పొగగొట్టం పక్కన మీటర్ జీరో చేయొద్దు. ఆ కార్బన్ మోనాక్సైడ్‌నే సున్నా అనుకుని లోపల తక్కువ చూపిస్తుంది. మంచి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం చూపాలి.

• బంప్ టెస్ట్ (కొద్దిగా టెస్ట్ గ్యాస్ ఇచ్చి అలారం మోగుతుందో లేదో చూడటం) రోజూ. స్క్రీన్ వెలిగినంత మాత్రాన సెన్సర్ బతికున్నట్టు కాదు.

• లోపలి గాలిని మీటర్‌కు లాగే ట్యూబ్‌ను పైన, మధ్యలో, అడుగున ఆపాలి. మీథేన్ తేలిక, హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు. ట్యూబ్ పొడవు ఒక్కో అడుగుకు 2-3 సెకన్లు లెక్కేయండి: 10 అడుగులంటే గాలి మీటర్‌దాకా రావడానికే అర నిమిషం దాకా, ఆపైన సెన్సర్ తేరుకునే టైమ్. తొందరపడి చూస్తే అది పైగాలి రీడింగే. ట్యూబ్ కొన మురుగులో మునగొద్దు, మీటర్ పంపు పోతుంది.

• ముందు ఆక్సిజన్ అంకె చూడాలి. అది బాగా పడిపోతే పెల్లిస్టర్ రకం సెన్సర్ (గ్యాస్‌ను లోపల మండించి కొలిచేది, దానికి ఆక్సిజన్ కావాలి) మండే గ్యాస్‌ను తక్కువ చూపిస్తుంది.

• బురద కదిపితే గ్యాస్ ఒక్కసారిగా లేస్తుంది. మీటర్ ఆపొద్దు.

• జీడిమెట్ల, పటాన్‌చెరు వంటి పారిశ్రామికవాడల్లో సాల్వెంట్ (ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకం) అనుమానం ఉంటే, దాని ఆవిరిని తక్కువ మోతాదులోనూ పట్టే పీఐడీ మీటర్ కూడా కావాలి. టోలుయిన్ అనే సాల్వెంట్ 500 పీపీఎంకే ప్రాణాపాయం. మండే గ్యాస్ అలారం మోగే 10 శాతం (అంటుకునే కనీస మోతాదులో పదో వంతు) అంటే టోలుయిన్‌కు దాదాపు 1,100 పీపీఎం, అప్పటికే ఆలస్యం.