హామాన్ చెవులు విచ్చుకోకుండా

పూరీం పండక్కి యూదుల ఇళ్లలో పిల్లలతో కలిసి చేసే మూడు మూలల బిస్కెట్లు హామన్‌టాషెన్. ఇజ్రాయెల్‌లో వీటిని హామాన్ చెవులంటారు. బైబిల్లోని ఎస్తేరు కథలో హామాన్ విలన్ కదా, వాడి చెవులు కొరుక్కు తినడమంటే పిల్లలకి భలే సరదా! తంటా అల్లా ఇవి ఓవెన్‌లో విచ్చుకుపోవడమే. పిండిని గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, మధ్యలో గసగసాల ముద్దో జామో ఒక్క టీస్పూనే పెట్టండి. పిల్లలైతే గరిటెడు పెడతారు, అక్కడే కాస్త కాపలా కాయాలి. అంచులకు తెల్లసొన రాసి, మూడు వైపులా పైకి మడిచి, మూడు మూలలూ గట్టిగా నొక్కించండి. ట్రేని పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాతే ఓవెన్‌లోకి. ఈలోపు ఖాళీ ప్లాస్టిక్ సీసాలో గుప్పెడు శనగలు పోసి మూతకి టేపు చుట్టేస్తే గిలక్కాయ రెడీ. పండగనాడు ఎస్తేరు గ్రంథం చదివేటప్పుడు హామాన్ పేరు వినపడగానే ఆడించడానికి.